గెడ్డ నీళ్లలో ఎడమ కాలు

చన్నీళ్ల వైద్యం గురించి మా క్రైస్తవ సంఘంలో ఇప్పుడు రెండు మాటలు నడుస్తున్నాయి. కొందరు నా పేరు చెప్పి కొండవాగుకు, మా మాటలో గెడ్డకు, వెళ్లడం మానేశారు. మరికొందరు నా పేరు చెప్పే ఇప్పటికీ వెళుతున్నారు. రెండు వర్గాలకీ నేను జవాబు చెప్పాలి. కాలు కొంచెం కుదుటపడింది. మనసు కూడా రాయడానికి ఒప్పుకుంటోంది. అందుకే జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. ఇలాంటి జబ్బుతో ఎక్కడైనా ఒక అక్కో చెల్లో భయపడుతూ కూర్చుని ఉంటే, తాను ఒంటరి కాదని ఆమెకు తెలియడానికి కూడా.

ముందు ఒక సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నా భయం అర్థం కాదు. మా కొరాపుట్ సంఘంలో ప్రభు భోజనానికి విడివిడి గ్లాసులు లేవు. ద్రాక్షరసానికి ఒకటే వెండి పాత్ర. పాస్టరు అయ్యగారు దాన్ని ఒకరి పెదవి దగ్గర నుంచి ఇంకొకరి పెదవి దగ్గరకు తీసుకెళతారు. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు తరువాత. అందరూ అయ్యాక అడుగున మిగిలినది సంఘపెద్ద తాగుతాడు. నీళ్లు పోసి కడిగి ఆ నీళ్లు కూడా తాగుతాడు. ఒక్క చుక్క నేలమీద పారబోయకూడదని మా కట్టడి. ఏ ఊళ్లో ఉన్నా నేను అలాంటి పాత్ర నుంచే తాగుతూ వచ్చాను. జబ్బు పడ్డాక కాలు పోతుందని పెద్దగా భయపడలేదు. ఆ పాత్ర నన్ను దాటి వెళ్లిపోతుందని భయపడ్డాను.

రాయగడ, 1973 ఎండాకాలం

మంట ఎడమ అరికాలిలో మొదలయింది. అప్పుడు మేము రాయగడలో ఉండేవాళ్లం. మావారు ఆనందరావు రోడ్ల ఆఫీసులో గుమాస్తా. నేను బడిలో చిన్న తరగతులకు తెలుగూ లెక్కలూ చెప్పేదాన్ని. పిల్లల ముందు నిలబడి ఉండగా, మిట్టమధ్యాహ్నం ఇసకలో నిలబడినట్టు కాలు కాలేది. సాయంత్రానికి మోకాలి పక్కనుంచి చీలమండ దాకా ఒక తాడును ఎవరో లోపలినుంచి లాగుతున్నట్టు ఉండేది. ఆముదం రాశాను, వేపాకు వేసి కాచిన నీళ్లు పోశాను. నరాల బలహీనత అన్నారు, బలం సూదులు వేయించుకున్నాను. మంట తగ్గలేదు.

తగ్గించింది మంచు. విజయనగరం వైపు నుంచి వచ్చే రైలుబండిలో చేపల గంపలు దిగేవి. గంపల్లో చేపల మధ్య, ఊక కప్పిన మంచుగడ్డలు ఉండేవి. ఒక రోజు చేపలమ్మే ఆమెను ఒక ముక్క అడిగాను.

“సేప వొద్దుగాని ఐసు కావాలా టీచరమ్మా? దాన్తో ఏటి కూరొండుతావు?” అంది. అయినా గోనెపీలికలో చుట్టి ఇచ్చింది. ఆ తరువాత నేను కనిపిస్తే చాలు, అడగకుండానే ఒక ముక్క పక్కన పెట్టేది.

సత్తు పళ్లెంలో మంచు వేసుకుని దానిమీద పాదం ఆనించి కూర్చునేదాన్ని. మొదట కొరికేది. తరువాత నొప్పి. ఆ తరువాత ఏమీ ఉండేది కాదు. ఆ ఏమీ లేకపోవడం కోసమే రోజంతా ఎదురుచూసేదాన్ని. మా అమ్మాయి గ్రేసు ముక్కు మూసుకుని, “అమ్మా, నీ కాలు సేపల పులుసు వాసనొస్తంది” అనేది. అందరం నవ్వేవాళ్లం. అప్పటికి ఇంట్లో నవ్వు ఉంది.

కొరాపుట్, ఆ చలికాలం

వానలు వెలిసేసరికి మావారికి కొరాపుట్ బదిలీ అయింది. నాకూ అక్కడి బడిలో పని దొరికింది. కొండమీద ఊరు. దీపావళి దాటితే పొద్దున్నే గడ్డిమీద తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది. అక్కడ చేపల మంచుతో పనిలేదు. గెడ్డ నీళ్లే చాలు.

అక్కడి మా సంఘపెద్ద ప్రకాశం మాస్టారు. బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి. ఒకప్పుడు మోకాళ్లు పట్టేసి మంచంలో ఉన్న తనను గెడ్డ నీళ్లే లేపాయని ఆయన నమ్మకం. తెల్లవారుతూనే సంఘంలో నొప్పులున్నవాళ్లను వెంటబెట్టుకుని కొండకింది గెడ్డకు వెళ్లేవారు. అక్కడ ఆయనది ఒక పద్ధతి. ముందు ప్రార్థన. తరువాత పాదాలు, మోకాళ్లు, నడుము. ఎంతసేపు ఉండాలన్నది కీర్తనతో కొలిచేవారు. కొత్తవాళ్లకు పొట్టి కీర్తన, పాతవాళ్లకు పొడుగు కీర్తన. పాట అయ్యేదాకా బయటికి రాకూడదు. కేకలు వెయ్యకూడదు, పాడాలి.

“సరణాలు మింగేత్తన్నారర్రా,” అని ఆయన ఒడ్డునుంచి అరిచేవారు. “రెండో సరణం ఏదీ? గెడ్డలో కొట్టుకుపోయిందా?”

నేను మొదటిరోజు దిగినప్పుడు నీళ్లు చీలమండల చుట్టూ కత్తిపెట్టి గీసినట్టు అనిపించింది. పళ్లు కొట్టుకుంటుంటే పాట మాటలు ముక్కలై వచ్చాయి. పల్లవి రెండోసారి పాడేసరికి కాళ్లు నావి కానట్టు అయిపోయాయి. ఒంట్లోకి ఒక నిశ్శబ్దం వచ్చింది. రాయగడలో మొదలైన మంట ఆ నిశ్శబ్దంలో మొదటిసారి పూర్తిగా ఆగింది. బయటికి వచ్చాక నెగడు దగ్గర కూర్చుని చోడి అంబలి, అంటే రాగి జావ, తాగేవాళ్లం. వేడి తగులుతుంటే అందరి పాదాలూ చీమలు కుట్టినట్టు చుర్రుమనేవి. వాళ్లు కాళ్లు విదిలించుకుంటూ మూలిగేవారు. నా కుడికాలు చుర్రుమనేది. ఎడమకాలు ప్రశాంతంగా ఉండేది. దాన్ని నేను కృప అనుకున్నాను.

లేఖనంలో ఒక సేనాధిపతి ఉన్నాడు. ప్రవక్త మాటమీద నదిలో ఏడుసార్లు మునిగి బాగుపడ్డాడు. మాస్టారు మమ్మల్ని నీళ్లలోకి దించుతూ ఆయన్నే తలుచుకునేవారు. “అంత పెద్ద దొర ఏడు మునకలేసేడు. మనం ఒక్కటేసి ఒణికిపోతన్నాం,” అనేవారు. ఆదివారం బడి పిల్లలకు ఆ కథ నేనే ఎన్నోసార్లు చెప్పాను. కథంతా నాకు కంఠతా వచ్చు.

క్రిస్మస్ ముందర ఇంటింటా జరిగే ప్రార్థన కూటాలలో ఒకటి మా ఇంట్లో పెట్టుకున్నాం. దేవుడు చేసిన మేలును అందరిముందూ సాక్ష్యం చెప్పే వేళ నేను లేచాను. నెలల తరబడి కాలిన కాలు చల్లబడిందనీ, చన్నీళ్లను దేవుడు నాకు ఔషధం చేశాడనీ, నాకు ఇప్పుడు నొప్పి లేదనీ చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. అందులో ఒక్క అబద్ధం లేదు. నొప్పి నిజంగానే లేదు.

క్రిస్మస్ తరువాత

మా సంఘంలో సాక్ష్యం ఊరికే మాట కాదు. నిలబడి చెప్పిన తరువాత అది మనిషిది కాదు, సంఘానిది అయిపోతుంది. నా సాక్ష్యం విని కొత్తవాళ్లు గెడ్డకు రావడం మొదలుపెట్టారు. మా పక్కవీధి శాంతమ్మ నడుము నొప్పితో వచ్చింది. నీళ్లు చూసి వెనక్కి తగ్గినవాళ్లతో మాస్టారు, “టీచరమ్మని సూడండి, పొడుగు కీర్తన రెండుసార్లు పాడతాది,” అనేవారు. నిజమే. ఎడమకాలితో నేను ఎంతసేపైనా నిలబడగలిగేదాన్ని.

ఆ రోజుల్లోనే బడికి వెళుతుంటే వెనకనుంచి ఒక పిల్ల నా చెప్పు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అది ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియలేదు. ఇంకో రోజు మడమకింద ముల్లు విరిగి ఉండగా గ్రేసు చూసింది. పాదం ముందుభాగం లేవక, గడప దగ్గర నేలకు రాసుకునేది. చూశాను. చూసి ఊరుకున్నాను.

“ఓసారి పెద్దాసుపత్రికి ఎల్లొద్దామా?” అన్నారు మావారు.

“బాగైపోయిందని అందరిముందూ సెప్పేను కదండీ.”

“సెప్పినావు. మరి కుంటుతన్నావేటి?”

ఆసుపత్రి మెట్లెక్కితే నా సాక్ష్యాన్ని నేనే కాదన్నట్టు అవుతుందని ఉండేది. నా మాటమీద నీళ్లలో దిగినవాళ్లు ఏమనుకుంటారు? ఆ మాట దేవుడి పేరుమీద చెప్పాను. రాత్రి ప్రార్థనలో దీన్ని ఆయన ముందు పెట్టాలనుకునేదాన్ని. మోకరించేదాన్ని గాని మాటలు వచ్చేవి కావు. అక్కడ కూడా ఏదో తిమ్మిరెక్కినట్టు ఉండేది.

జనవరిలో ఒక పొద్దున్న, గెడ్డనుంచి వచ్చి నెగడు చుట్టూ కూర్చున్నాం. నా పక్కన శాంతమ్మ. అంబలి గ్లాసు చేతిలో ఉంది. ఎవరో ఏదో అంటే నేను నవ్వుతున్నాను. ఉన్నట్టుండి శాంతమ్మ నా కాలు పట్టుకుని ఇవతలకు లాగింది. గ్లాసు పడిపోయింది.

“ఓలమ్మ, కాలు,” అంది. “టీచరమ్మా, నీ కాలు కాలిపోతంది.”

పాదం పక్కభాగం నెగడు రాయికి ఆని ఉంది. చర్మం లేచి తెల్లబడింది. వాసన అప్పుడు తెలిసింది, అంతవరకూ కట్టెల వాసన అనుకున్నాను. నేను ఆ కాలివంక వేరేవాళ్ల కాలిని చూసినట్టు చూశాను.

మాస్టారు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నారు.

“మంట తెలీలేదేటమ్మా?”

“లేదండీ.”

“ఇప్పుడూ?”

“లేదు.”

ఆయన తన భుజంమీద కండువా తీసి నా పాదానికి వదులుగా చుట్టారు. “ఆసుపత్రికెల్లు,” అన్నారు.

“మరి నా సాక్ష్యం మాస్టారూ?”

“సాక్ష్యాన్ని దేవుడు సూసుకుంటాడు. నువ్వు కాలు సూసుకో.”

శ్రమకాలానికి ముందు

ఆసుపత్రిలో మొదట మామూలు వరసలోనే నిలబడ్డాం. చీటీ రాసిన ఆయన మోకాలి పక్కన నరం తడిమి చూసి, మమ్మల్ని వెనకవైపు గదికి వెళ్లమన్నాడు. దానికి వేరే తలుపు ఉంది. తలుపు బయట ఒక బల్ల. బల్లమీద కూర్చున్నవాళ్ల చేతులూ కాళ్లూ చూశాను. మావారు కూడా చూశారు. ఆయన వేపచెట్టు దగ్గరకు వెళ్లి అటు తిరిగి నిలబడ్డారు.

నేను నిలబడే ఉన్నాను. బల్ల చివర ఉన్న, ఆ కొండల దేశియా జనం మనిషి, ఒక ముసలావిడ, చేతులకు గుడ్డలు చుట్టుకుని ఉంది, పక్కకు జరిగి మోచేతితో బల్లమీద తట్టింది. “బస నానీ,” అంది. కూర్చో అక్కా అని. ఆమె నాకంటే పాతికేళ్లు పెద్దది. నేను కూర్చున్నాను. ఆమె నా కాలికున్న కట్టు చూసి తలాడించింది, తన పాదం చాచి చూపించింది. రెండు వేళ్లు లేవు. చూపించి, కొంగులో కట్టుకున్న అరటిపళ్లలో ఒకటి ఇచ్చింది. నేను ఆ పండు తిన్నాను. తినడానికి ముందు ఒక క్షణం ఆలోచించాననీ, ఆ క్షణం ఆమెకు తెలుసుననీ అనుకుంటాను.

లోపల డాక్టరుగారు కళ్లు మూసుకోమన్నారు. ఈకతో తాకుతాననీ, తాకినప్పుడల్లా చెప్పమనీ అన్నారు. కుడికాలిమీద తాకారు, చెప్పాను. మళ్లీ తాకారు, చెప్పాను. తరువాత ఎంతసేపటికీ తాకలేదు. ఎవరో లోపలికి వచ్చారేమో, పని ఆగిందేమో అనుకుని కళ్లు మూసుకునే కూర్చున్నాను.

“కళ్లు తెరవండి,” అన్నారు హిందీలో.

తెరిచాను. ఈక పక్కన పెట్టేశారు. ఎడమకాలు అయిపోయింది.

జబ్బు పేరు ఆయన చెప్పారు. మా వైపు దాన్ని పెద్దరోగం అంటారు. ఇది అంటుకునే రకం కాదనీ, మాత్రలు ఏళ్ల తరబడి మానకుండా వేసుకోవాలనీ, పోయిన స్పర్శ బహుశా రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చనీ చెప్పారు. చన్నీళ్ల సంగతి విని కోప్పడలేదు. “నీళ్లు జబ్బు తేలేదు. జబ్బు దాచాయి,” అన్నారు. నొప్పి పోయిందని మీరు అనుకున్న నెలల్లో పోయినది నరం అన్నారు.

తిరిగి వచ్చే దారిలో ఆ సేనాధిపతి గుర్తుకొచ్చాడు. ఆయన నదిలో మునిగింది ఏ జబ్బుకో పిల్లలకు నేనే చెప్పేదాన్ని, నల్లబల్లమీద కూడా రాసేదాన్ని. కుష్ఠు. ఆ కథలోనుంచి నేను నీళ్లు మాత్రం తెచ్చుకున్నాను. జబ్బును కథలోనే వదిలేశాను. నాకూ దానికీ ఏమైనా సంబంధం ఉంటుందని ఒక్కరోజైనా తోచలేదు. రిక్షాలో ఇది తోచినప్పుడు ఏడుపు రావాలి. రాలేదు. బజారులో ఎవరో కొత్త చీపుళ్లు అమ్ముతున్నారు. ఇంట్లో చీపురు అరిగిపోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం మావారు నా మంచం వసారాలోకి మార్చారు. గాలి బాగా వస్తుందన్నారు. కొరాపుట్‌లో, చలికాలంలో. గ్రేసును తన దగ్గర పడుకోబెట్టుకున్నారు. నా కంచం, గ్లాసు వేరే గూట్లో పెట్టి ఉన్నాయి. నేను వాటిలోనే తిన్నాను. అంటేది కాదని డాక్టరు చెప్పగా ఆయన కూడా విన్నారు. చెవితో విన్నారు. బడికి, కాలు కాలిందని సెలవు రాశాను.

డాక్టరుగారు ఇంకో మాట చెప్పారు. నా కాలికి దెబ్బ తగిలితే నాకు తెలియదు కనుక రోజూ ఎవరో ఒకరు కళ్లతో చూడాలి. అరికాలు నేనే అద్దంలో చూసుకునేదాన్ని. ఒక సాయంత్రం అద్దం చేతిలోనుంచి జారి పగిలింది. పెంకులు ఏరుతుంటే మావారు లోపలినుంచి వచ్చి నన్ను పక్కకు జరగమన్నారు. పెంకులన్నీ ఆయనే ఏరి, పీటవేసుకుని కూర్చుని, నా ఎడమకాలు ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నారు. లాంతరు దగ్గరకు జరుపుకుని ఒక్కొక్క వేలినడుమా చూశారు. ఆయన చేతులు తగులుతున్నది నాకు తెలియలేదు. తగులుతుంటే చూశాను.

“ఏటీ లేదు,” అన్నారు.

మర్నాడు కూడా పీట వేసుకున్నారు. అదే మాట అన్నారు. ఇప్పటికీ ప్రతి సాయంత్రం ఆ మాట వింటున్నాను. దాన్ని మించిన ఆశీర్వాదం నాకు తెలియదు. వారం తిరగకుండా మంచం లోపలికి వచ్చింది. గ్లాసు మాత్రం ఆ గూట్లోనే చాలా రోజులు ఉంది, దాన్ని ఎవరూ అక్కడ పెట్టలేదన్నట్టు.

ఈస్టరు

మాస్టారు గెడ్డకు వెళ్లడం మానలేదు. మానమని నేనూ అనలేదు. ఆయన మోకాళ్లకు ఆ నీళ్లు మేలే చేశాయి. శాంతమ్మ నడుము కూడా కొంచెం వంగుతోంది. ఒక్కటే మారింది. డాక్టరుగారి ఈక సంగతి నేను చెప్పినప్పటినుంచి, మాస్టారు తన సంచిలో ఒక కోడి ఈక పెట్టుకు తిరుగుతున్నారు. నీళ్లలో దిగబోయే ప్రతివాళ్లనూ కళ్లు మూయించి అరికాలు తాకి చూస్తారు. “తెలస్తందా? ఎక్కడ తెలస్తంది? సెప్పు,” అంటారు. తెలియదన్నవాళ్లను దిగనివ్వరు, నేరుగా ఆసుపత్రికి తోలుతారు. అలా వెళ్లిన ఒక మనిషికి వేళ్లు వంకర తిరగకముందే మాత్రలు మొదలయ్యాయి. చన్నీళ్లు వాడుకోదలచినవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. చల్లదనం బాధను ఆపుతుంది. ఆ బాధ ఎందుకు వచ్చిందో ముందు తెలుసుకోండి. తిమ్మిరిని స్వస్థత అనుకోకండి.

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలమంతా నేను మా ప్రార్థన గుడికి వెళ్లలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడం వల్లనే అందరికీ తెలుసునని తెలిసింది. ఈస్టరు పొద్దున్న మావారు తెల్లచీర తీసి మంచంమీద పెట్టారు. వెళ్లాం.

మా గుడిలో చెప్పులు బయటే విడిచి లోపలికి వెళతాం. ఆసుపత్రివాళ్లు నాకు గుడ్డ బూటు కుట్టించారు, కాలు నేలకు తగలనివ్వవద్దన్నారు. గుమ్మం దగ్గర బూటు విప్పాలా వద్దా అని ఆగిపోయాను. మాస్టారు అక్కడే నిలబడి ఉన్నారు.

“ఇప్పకు. లోపలకి రా,” అన్నారు.

“అందరూ సూత్తారు మాస్టారూ.”

“సూడనీ. ఆదివారం పూట ఆళ్లకి ఇంకేటి పని?”

వెనక, తలుపు పక్కన కూర్చున్నాను. చాపమీద నా చుట్టూ కొంచెం ఖాళీ ఉంది. ఎవరూ కావాలని జరిగినట్టు లేదు, అలా ఏర్పడింది. మగవాళ్లు ముందుకు వెళ్లి వచ్చారు. ఆడవాళ్లు వెళ్లారు. శాంతమ్మ వెళుతూ నావంక చూసింది. నేను లేవలేదు. లేవకూడదని ఇంటిదగ్గరే అనుకుని వచ్చాను. పాత్ర నన్ను దాటి వెళ్లేకంటే, నేనే దానికి దూరంగా కూర్చోవడం తేలిక.

అందరూ వచ్చి కూర్చున్నారు. అయ్యగారు పాత్రను మాస్టారివైపు చాచారు, అడుగున మిగిలినది తాగడానికి. మాస్టారు చేతులు చాచలేదు.

“ఇంకొకలు ఉన్నారండీ,” అన్నారు.

మావారు మగవాళ్ల వైపునుంచి వెనక్కి తిరిగి నన్ను చూశారు, చిన్నగా తల ఊపారు. నేను లేచాను. ఒక పాదం వట్టిది, ఒకటి బూటుది. గచ్చుమీద ఒక అడుగు వినిపించింది, ఒకటి వినిపించలేదు. కింద గచ్చు ఒక పాదానికే తెలిసింది. ముందుకు వెళ్లి మోకరించాను.

అయ్యగారు పాత్ర నా పెదవికి ఆనించారు. కొండమీద ఇంకా చలి పోలేదు. వెండి అంచు చల్లగా ఉంది. అది నాకు తెలిసింది. ఎన్నో నెలలుగా చల్లదనమంటే నాకు ఏమీ తెలియకపోవడమే. ఇది చురుక్కుమని తగిలింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. వస్తే రానిచ్చాను.

నేను లేచేలోపు మాస్టారు పాత్ర అందుకున్నారు. అంచు తుడవడానికి అయ్యగారి చేతిలో ఎప్పుడూ ఒక తెల్లగుడ్డ ఉంటుంది. ఆయన అది ఇవ్వబోయారు. మాస్టారు తీసుకోలేదు. నేను తాగిన వైపే తిప్పి, అడుగున ఉన్నది తాగారు. నీళ్లు పోసి కడిగారు. ఆ నీళ్లు కూడా తాగారు.